కొనబోవు ఇంటిని పరీక్ష చేయించుకొనుడు

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అను సామెత మన గ్రామములలో తెలియనివారుండరు. కట్టుటలోని కష్టము నెరిగినవారు, కట్టిన ఇంటిని కొనుట సులభమని భావించుట సహజమే. ఇటుక, ఇసుక, సిమెంటుల వెంట తిరుగ నక్కరలేదు. మేస్త్రీల కొరకు ఎదురుచూడ నక్కరలేదు. రొక్కము చెల్లించి తాళము పుచ్చుకొనిన చాలును. కాని కట్టునాడు యజమాని కన్నుల యెదుట జరిగిన పని యంతయు, కొనునాటికి సున్నము వెనుక, గచ్చు క్రింద, మట్టిలో మరుగుపడి యుండును. ఆ మరుగుపడినదానిని తెలిసికొనకయే, జీవితకాలమంతయు కూడబెట్టిన ధనమును అప్పగించుట నేటికిని పల్లెలలో వాడుకగా నున్నది.

ఎద్దును కొనునపుడు పండ్లు చూచుదుము. కాడి కట్టి నడిపింతుము. ఇల్లు కొనునపుడు సిద్ధాంతిని పిలిచి వాస్తు చూపింతుము. ప్లీడరుకు కాగితములు చూపింతుము. దస్తావేజు లేఖరిచే పత్రము వ్రాయింతుము. దిక్కులను ఒకరు చూచిరి, హక్కులను ఒకరు చూచిరి. ఇంటిని చూచినవారెవరు? ఈ ప్రశ్నకు సమాధానము చెప్పగలవాడు భవన నిర్మాణము తెలిసిన ఇంజనీరు. బయానా చెల్లించుటకు ముందే అతనిచే ఇంటిని పరీక్ష చేయించుట ఎందుకు అవసరమో, ఆ పరీక్షలో ఏమేమి చూడవలెనో ఈ వ్యాసమున వివరింపబడినది.

ఫాల్గుణములో ఇల్లు, శ్రావణములో ఇల్లు

ఆత్రేయపురములో ఒక కుటుంబమును ఊహించుకొందము. తల్లి ఇరువది యేండ్లుగా పొయ్యి ముందు కూర్చుండి, బోర్లించిన కుండపై బియ్యపు పిండిని గుడ్డతో పరచి రేకులు తీయుచున్నది. 2023లో భౌగోళిక గుర్తింపు పొందిన పూతరేకులు ఇట్టి తల్లుల చేతిపనియే. కుమారుడు పట్టణములో ఉద్యోగి. ఇరువురి పొదుపునకు బ్యాంకు ఋణము చేర్చి, ఊరిలో ఒక డాబా ఇల్లు కొనదలచిరి. ఫాల్గుణ మాసములో చూచిరి. కొత్తగా రంగులు వేసిన గోడలు అద్దమువలె మెరయుచున్నవి. నచ్చినది; కొనిరి. శ్రావణము వచ్చుసరికి గోడలు నడుము ఎత్తువరకు నానినవి. రంగు పొక్కులు పొక్కులుగా లేచినది. పొయ్యి పెట్టుకొనిన గదిలో ఆరబెట్టిన రేకులు చెమ్మకు మెత్తబడినవి. ఇల్లు మారలేదు, ఋతువు మారినది. ఆ ఇల్లు ఫాల్గుణములోను అట్టిదే, కాని చెప్పువారు లేకపోయిరి.

ఇది కల్పితమైన కుటుంబమే యైనను, ఇట్టి పరిస్థితి మన డెల్టాలో ఎవరికైనను సంభవింపవచ్చును. కారణము మన నేలలోనే యున్నది.

మన నేల, మన నీరు

గోదావరి ధవళేశ్వరము కడ గౌతమి, వసిష్ఠ పాయలుగా చీలును. ఆ రెండు పాయల నడుమనున్న మధ్య డెల్టాకు తలవాకిట ఉన్నది ఆత్రేయపురము. సర్ ఆర్థర్ కాటన్ దొర 1847–1852 మధ్య ఆనకట్ట కట్టించిన పిదప ఈ ప్రాంతము కాలువల సీమ యైనది. బొబ్బర్లంక కడ బయలుదేరిన ప్రధాన కాలువ సమీపముననున్న లొల్ల లాకుల కడ శాఖలుగా చీలి కోనసీమకు నీరందించుచున్నది. ఇది మన సిరికి మూలము. మన ఇండ్ల గోడలలోని చెమ్మకును ఇదియే మూలము. వేసవిలో కాలువలు కట్టివేసినపుడు భూగర్భజలము దిగును. కాలువలు వదలి, వానలు పడగానే అది పైకి వచ్చును. పునాదులు ఏటేట తడిసి ఆరుచుండును.

నేల సంగతి మరియొకటి. డెల్టాలో బంకమన్ను, నల్లరేగడి పాలు హెచ్చు. ఈ మన్ను నీరు పీల్చి ఉబ్బును. ఎండలో ముడుచుకొని నెఱియలు వారును. లోతు చాలని పునాది ఆ మన్నుతో పాటు లేచుచు దిగుచు నుండును. ఒక మూల లేచి మరియొక మూల దిగినచో గోడ పగులక తప్పదు. ఇట్టి నేలలకు అడుగున ఉబ్బు గల పైలు పునాదులను రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ రూపొందించినది. కొనబోవు ఇంటికి ఎట్టి పునాది వేసిరో, ఎంత లోతు త్రవ్విరో కట్టిన మేస్త్రీని వెదకి యైనను అడిగి తెలిసికొనవలెను. పూర్వము చెరువో, మట్టి తీసిన గుంటయో ఉండి, పూడ్చిన చోట కట్టిన ఇల్లు మరింత అనుమానింపదగినది. పూడ్చిన మన్ను ఏండ్ల తరబడి క్రుంగుచునే యుండును.

వరద మాట మరువరాదు. 1986 ఆగష్టులో ధవళేశ్వరము కడ ప్రవాహము 35 లక్షల క్యూసెక్కులకు చేరినది. 2022 జులైలో 25 లక్షలు దాటినది. అచ్చట 17.75 అడుగుల నీటిమట్టమునకు మూడవ ప్రమాద హెచ్చరిక ఎగురవేయుదురు. కొనదలచిన ఇంటికి 1986లో నీరు ఎంతవరకు వచ్చినదో ఆ వీధిలోని వృద్ధులు గోడమీద చేయి పెట్టి చూపగలరు. ఆ గుర్తు ఏ యంత్రము చెప్పు లెక్కకును తీసిపోదు. 1996 నవంబరు తుపాను కోనసీమలో అనేక గృహములను నేలకూల్చినది. అప్పుడు నిలిచిన ఇంటికి తరువాత ఏయే మరమ్మతులు చేసిరో కూడ విచారింపవలెను.

వీధిమట్టము కూడ చూడదగినది. సిమెంటు రోడ్డుపై మరల రోడ్డు వేయగా వేయగా వీధి మెరకెక్కినది. పాత ఇండ్ల అరుగులు పల్లమైనవి. వాన కురిసినపుడు ఆ నీరు ఎటు పోవునో నిలిచి చూచిన చాలును.

గోడమీది బీటలు

బీట యున్న ప్రతి ఇల్లును చెడ్డది కాదు. ప్లాస్టరింగు ఆరునపుడు వెండ్రుక వంటి సన్నని గీతలు పడును. వానివలన ప్రమాదము లేదు. శ్లాబు దూలమునకును దాని క్రింది ఇటుక గోడకును నడుమ సన్నని గీత వచ్చుట కూడ సామాన్యమే. అనుమానింపవలసినవి వేరు.

కిటికీ, గుమ్మముల మూలలనుండి ఏటవాలుగా బయలుదేరి, ఇటుకల అతుకుల వెంట మెట్లు మెట్లుగా ప్రాకు బీట పునాది అసమానముగా క్రుంగినదని తెలుపును. ఒక కొస సన్నముగను, ఒక కొస వెడల్పుగను ఉన్నచో ఆ అనుమానము బలపడును. వెడల్పు 5 మిల్లీమీటర్లు మించినచో ఇంజనీరు దానిని తేలికగా తీసికొనడు. తలుపులు బిగిసిపోవుట, నేలపై ఉంచిన గోళీ తనంత తాను ఒక వైపు దొర్లిపోవుట ఇదే కథలోని భాగములు.

బీట పాతదై ఆగిపోయినదా, ఇంకను పెరుగుచున్నదా అనునది ముఖ్యము. దీనికి ఒక పాత ఉపాయము కలదు. బీటకు అడ్డముగా పలుచని గాజు ముక్కను రెండు కొసలయందును అతికించి తేదీ వ్రాసి ఉంచుదురు. గోడ కదలినచో గాజు పగులును. కొన్ని నెలలు వేచియుండుటకు వీలున్నవారు, ముఖ్యముగా వానకాలము దాటునంతవరకు ఆగగలవారు, ఈ పరీక్ష చేయించుట మేలు.

చెమ్మ ఎచటినుండి వచ్చినది?

చెమ్మ మూడు దారుల వచ్చును. నేలనుండి పైకి ప్రాకునది మొదటిది. పునాదిపై చెమ్మను ఆపు పొర, మేస్త్రీలు డి.పి.సి. అని పిలుచునది, వేయకపోయినను, చెడిపోయినను ఇటుక దీపపు వత్తి వలె నీటిని పైకి లాగును. గోడ అడుగున మూడడుగుల మేర సున్నము రాలుట, తెల్లని ఉప్పు పొడి పేరుకొనుట దీని గుర్తులు. పై కప్పునుండి దిగునది రెండవది. ఇది శ్లాబు అడుగున వలయములుగా మరకలు కట్టును. స్నానపుగది గొట్టములనుండి ఊరునది మూడవది. ఇది వేసవిలో సైతము ఆరదు. మూడింటికిని చికిత్స వేరు, ఖర్చు వేరు. కప్పు కారుటను కొద్ది ఖర్చుతో ఆపవచ్చును. నేలనుండి ఎక్కు చెమ్మను పాత ఇంటిలో పూర్తిగా నివారించుట చాల కష్టము.

అమ్మకమునకు ముందు వేసిన కొత్త రంగు ఈ గుర్తులను కప్పివేయును. రంగు వేయించినవారందరును మోసగాండ్రని చెప్పుట తగదు. కాని కొనువారు బీరువాల వెనుక, మెట్ల క్రింద, సామానుగది మూలలలో గోడను చూడవలెను. అచ్చట రంగు సాధారణముగా చేరదు. ఇంజనీరు తేమను కొలుచు చిన్న సాధనముతో గోడపై అచ్చటచ్చట పరీక్షించును. సాధ్యమైనచో ఇంటిని వేసవిలో ఒకసారి, కాలువలు పారునపుడు ఒకసారి చూడవలెను. అట్లు వీలుకానపుడు ఇరుగు పొరుగును అడుగుడు. ప్రక్క ఇంటి గోడలు వానకాలమున ఎట్లుండునో, ఈ ఇంటి గోడలును బహుశః అట్లే యుండును.

శ్లాబు లోపలి ఇనుము

ఇనుప చువ్వలను కాంక్రీటు క్షారగుణముచే తుప్పునుండి కాపాడును. గాలిలోని బొగ్గుపులుసు వాయువు ఏండ్ల తరబడి లోనికి చొచ్చినకొలది ఆ గుణము తగ్గును. ఉప్పు కలిసిన ఇసుకతోగాని, ఉప్పునీటితోగాని కలిపిన కాంక్రీటులో చువ్వలు మరింత త్వరగా తుప్పు పట్టును. తుప్పు ఇనుముకంటె హెచ్చు చోటు ఆక్రమించును గనుక కాంక్రీటును లోపలినుండి చీల్చి పెచ్చులుగా ఊడగొట్టును. దూలము అడుగున చువ్వ వెంబడి సాగు పొడవైన బీట, దాని అంచున గోధుమరంగు మరక కనిపించినచో రోగము లోపల ముదిరినదని గ్రహింపవలెను. పైన సిమెంటు పూసినంత మాత్రమున అది నయము కాదు.

ఇంజనీరు చిన్న సుత్తితో శ్లాబును తట్టి చూచును. గట్టి కాంక్రీటు ఖంగుమనును. పొర విడినచోట డొల్ల చప్పుడు వచ్చును. అనుమానము కలిగినచో రీబౌండు హామరు అను సాధనముతో పై గట్టిదనమును, అల్ట్రాసోనిక్ తరంగములతో లోపలి డొల్లలను అంచనా వేయును. అప్పుడే పగులగొట్టిన కాంక్రీటుపై ఫినాల్ఫ్తలీన్ ద్రావణము చల్లినచో క్షారగుణమున్నంత మేర గులాబీరంగు వచ్చును. గుణము నశించినచోట రంగు రాదు. గులాబీరంగు రాని పొర చువ్వలవరకు చేరినదా లేదా అనునదే ఆ పరీక్షలోని సారము.

ఒక అంతస్తునకు కట్టిన ఇంటిపై తరువాత రెండవ అంతస్తు లేపియున్నచో, క్రింది స్తంభములును పునాదియు ఆ బరువునకు తగినవేనా అని స్ట్రక్చరల్ ఇంజనీరు లెక్క కట్టవలెను. పై అంతస్తు వేసికొనవచ్చునని అమ్మువారు చెప్పు మాటకు ఆధారము ఆ లెక్కయే గాని, మేడపైన వదలిన చువ్వలు కావు. రేకుల పొయ్యి దినమంతయు మండు ఇంటిలో పొయ్యికి పైనున్న కప్పును ప్రత్యేకముగా చూడవలెను. పొగ పోవు మార్గము కలదా, కప్పు కట్టె యైనచో మంటకు తగినంత ఎడము కలదా అని గమనింపవలెను.

పాత పెంకుటిండ్లు, మండువా లోగిళ్లు

మన ప్రాంతపు మండువా లోగిలి చల్లనిది, అందమైనది. ఆ అందమును చూచి కొనువారు దూలముల కొసలను మరువరాదు. గోడలో దాగిన కొస తడికి కుళ్లి యుండవచ్చును. నడుమ భాగము చెక్కు చెదరక కనబడవచ్చును. చెదలు లోపల తినివేసి పై పొరను మిగుల్చును. వడ్రంగి ఉలి మొనతో గ్రుచ్చి చూచినచో తెలియును. నాలుగు వైపుల కప్పులు కలియు మూలలు, మండువాలో పడిన నీరు బయటికి పోవు తూము వానలో పరీక్షింపదగినవి. ఇట్టి ఇండ్లకు ఇంజనీరుతో పాటు అనుభవముగల వడ్రంగి కూడ వచ్చుట మంచిది.

మరుగు దొడ్డి, మంచినీరు, విద్యుత్తు

భూగర్భజలము పైనుండు చోట్ల మరుగుదొడ్డి తొట్టినుండి నీరు ఇంకక వానకాలమున వెనుకకు పొంగును. ఆ నీరు ఇంకు గుంట త్రాగునీటి బావికి 18 మీటర్లలోపు ఉండరాదని భారత ప్రమాణములు చెప్పుచున్నవి. చిన్న దొడ్లలో ఈ దూరము దొరకుట అరుదు గనుక నీటిని పరీక్ష చేయింపక త్రాగరాదు. విద్యుత్తు విషయమున ఎర్తు సరిగా ఉన్నదా, షాకు తగులగానే సరఫరా ఆపు 30 మిల్లీ ఆంపియర్ల రక్షణ స్విచ్చి ఉన్నదా అని చూడవలెను. తడిసిన గోడలో పాత తీగ ప్రాణాపాయకరము.

ఎవరిని పిలువవలెను?

ఇంగ్లండులో ఇండ్లను పరీక్షించు సర్వేయర్ల సంఘము 1868లోనే ఏర్పడినది. అమెరికాలో గృహ పరీక్షకుల సంఘము 1976లో ఏర్పడినది. అచ్చట స్థిరపడిన మన తెలుగువారు ఇల్లు కొనునపుడు సాధారణముగా ఒప్పందములోనే పరీక్ష షరతు వ్రాయించుకొందురు. వారే స్వగ్రామములో తల్లిదండ్రులకు ఇల్లు కొనునపుడు ఫోనులో వచ్చిన నాలుగు ఛాయాచిత్రములను చూచి సరే యనుట కలదు.

మన గ్రామములలో ఈ పనికే ప్రత్యేకించిన వృత్తి ఇంకను వేళ్లూన లేదు. అయినను సమీప పట్టణములలో సివిల్ ఇంజనీర్లు ఉన్నారు. పట్టాగాని డిప్లొమాగాని కలిగి, స్వయముగా ఇండ్లు కట్టించిన అనుభవముగల వానిని ఎన్నుకొనవలెను. పాత శ్లాబు, పై అంతస్తు విషయములలో స్ట్రక్చరల్ ఇంజనీరు అవసరము. అమ్మువాడుగాని మధ్యవర్తిగాని వెంటబెట్టుకొని వచ్చిన ఇంజనీరు వలదు. రుసుము మీరే చెల్లింపవలెను. దానిని ముందుగానే మాటాడుకొని, నివేదికను వ్రాతమూలముగా, ఛాయాచిత్రములతో సహా తీసికొనుడు. నోటిమాట బేరము కడ నిలువదు.

బ్యాంకువారు పంపు విలువకట్టువాడు వచ్చి చూచెను గదా అని కొందరందురు. అతడు వచ్చినది బ్యాంకు ఇచ్చు ఋణమునకు ఆ ఇల్లు చాలినంత హామీ యగునా అని చూచుటకు. మీ గోడలోని చెమ్మను వెదకుట అతని పని కాదు.

చట్టము ఏమనుచున్నది?

1882 నాటి ఆస్తి బదిలీ చట్టము 55వ సెక్షను ప్రకారము, వేరు ఒప్పందము లేనపుడు, తనకు తెలిసిన ముఖ్యమైన లోపమును అమ్మువాడు కొనువానికి చెప్పవలెను. కాని ఆ లోపము కొనువానికి తెలియనిదియు, సామాన్యమైన జాగ్రత్తతో కనుగొనరానిదియు కావలెను. ఈ మాటను చదువరులు రెండుసార్లు చదువవలెను. కన్నులు తెరచి చూచినచో కనబడు బీటను గూర్చి పిదప ఫిర్యాదు చేయుట కష్టము. చూచుట మీ వంతు.

కొత్తగా కట్టి అమ్ము అపార్టుమెంట్ల విషయము వేరు. 500 చదరపు మీటర్లకు మించిన స్థలముగాని, ఎనిమిదికి మించిన ఫ్లాట్లుగాని ఉన్న నిర్మాణములకు 2016 నాటి రెరా చట్టము వర్తించును. స్వాధీనము చేసిన నాటినుండి అయిదేండ్లలో నిర్మాణ లోపము బయటపడి, కొనువాడు తెలియజేసినచో, కట్టినవాడు 30 దినములలో ఉచితముగా సరిచేయవలెను. గ్రామములో ఒక గృహస్థునినుండి మరియొక గృహస్థుడు కొను పాత ఇంటికి ఈ రక్షణ లేదు. కనుకనే పరీక్ష మరింత అవసరము.

కాగితములను ప్లీడరు చూచుట మానరాదు. స్థలము గ్రామకంఠమా, కాలువ గట్టు పోరంబోకా, అసైన్డు భూమియా, రిజిస్ట్రేషను చట్టము 22-ఏ నిషేధ జాబితాలో ఉన్నదా అని తేల్చుకొనుడు. గోడ చెడినచో బాగు చేయవచ్చును. హక్కు లేనిచో ఇల్లే లేదు.

పరీక్ష తరువాత

నివేదికలో లోపము కనబడగానే బేరము విడువ నక్కరలేదు. లోపములను మూడు తరగతులుగా విభజింపుమని ఇంజనీరును అడుగుడు. వెంటనే ప్రాణాపాయము కలిగించునవి, కొద్ది కాలములో బాగుచేయవలసినవి, చూచుచుండవలసినవి. ప్రతిదానికిని అంచనా వ్రాయించుకొనుడు. ఆ మొత్తమును ధరలో తగ్గింపుమని అడుగుటయో, అమ్మువానిచేతనే బాగు చేయించుటయో, లేదా నమస్కారము పెట్టి మరలి వచ్చుటయో మీ ఇష్టము. బయానా ముందే ఈయవలసి వచ్చినచో, పరీక్షలో పెద్ద లోపము బయటపడినయెడల సొమ్ము తిరిగి ఇచ్చునట్లు ఒప్పందములో వ్రాయించుకొనుడు. నిష్కపటముగా అమ్మువానికి దీనివలన నష్టము లేదు. తన ఇల్లు గట్టిదని వ్రాతమూలముగా తేలుట అతనికిని లాభమే.

మనము ఊహించుకొనిన కుటుంబమును మరల తలచుకొందము. బయానాకు ముందు వారు ఒక ఇంజనీరును పిలిచియుండినచో, ఒక పూట పనిలో గోడ అడుగునున్న ఉప్పు పొర, రోడ్డుకంటె పల్లమైన అరుగు బయటపడి యుండెడివి. ఆ రుసుము ఇంటి ధర ముందు లెక్కకు రానిది. వారు ధర తగ్గించి కొనియుండవచ్చును, మెరకనున్న మరియొక ఇల్లు చూచుకొనియుండవచ్చును. ఏది చేసినను తెలిసి చేసియుండెడివారు. ఇరువది యేండ్లు పొయ్యి సెగను భరించి కూడబెట్టిన సొమ్మునకు ఆ పాటి కాపుదల న్యాయము.

కనుక గ్రామస్థులారా, ముహూర్తము పెట్టించుకొనుటకు ముందు ఒక మంచి ఇంజనీరుతో దినము నిర్ణయించుకొనుడు. వీలున్నచో ఆ దినము వానకాలములో పడునట్లు చూచుకొనుడు.